గుండె హార్మోన్లు రక్తనాళాల్ని ఏం చేస్తాయి? బీఎన్‌పీ రిపోర్టులో అంకెకీ దానికీ లంకె ఏంటి?

పర్లాకిమిడి_నర్సింగ్ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం పిల్లలకి గుండె వైఫల్యం పాఠం నడుస్తోంది. ఏఎన్‌పీ (ఏట్రియల్ నేట్రియూరెటిక్ పెప్టైడ్), బీఎన్‌పీ (బ్రెయిన్ నేట్రియూరెటిక్ పెప్టైడ్) అనే గుండె హార్మోన్ల గురించి పుస్తకంలో రెండే ముక్కలున్నాయి: రక్తనాళాల్ని వదులు చేస్తాయి, మూత్రం ఎక్కువ పోయిస్తాయి. పిల్లల ప్రశ్నలకి అవి చాలడం లేదు. క్లాసులో సగం ఒడియా, సగం తెలుగు. కాబట్టి బొమ్మ గీసి చెప్పగలిగేలా ఉంటే మేలు.

వాళ్లడిగినవి మూడు. ఈ హార్మోన్లకి తెరుచుకునేవి ధమనులా, సిరలా? గుండె వైఫల్యంలో ఇవి అంతంత పెరుగుతాయి కదా, నీళ్లు బయటికి తోసే హార్మోను అంత ఉండగా కాళ్లు ఎందుకు పొంగుతాయి? సాకుబిట్రిల్-వల్సార్టన్ (గుండె వైఫల్యానికి ఇచ్చే జంట మందు) మొదలుపెట్టిన నెలకి బీఎన్‌పీ తగ్గకపోగా పెరిగితే రోగి ఇంటివాళ్లకి ఏం చెప్పాలి?

వంశధార · సోమవారం, రాత్రి 10:05

మేడమ్, ముందు బొమ్మకి కావలసిన సరుకు ఇస్తాను.

గుండె పై గదుల (కర్ణికల) కండర కణాల్లో ముదురు రంగు రేణువులు ఉంటాయి. వాటిని 1956లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గినీపందుల గుండెలో చూశారు గానీ ఎందుకున్నాయో తెలియలేదు. 1981లో కెనడాలోని కింగ్‌స్టన్‌లో అడాల్ఫో డి బోల్డ్ బృందం ఎలుక కర్ణికల రసం తీసి వేరే ఎలుకలకి ఎక్కించింది. నిమిషాల్లో మూత్రంలో సోడియం 30 రెట్లకి పైగా, మూత్రం 10 రెట్లు పెరిగాయి, బీపీ పడింది. గుండె కూడా ఒక గ్రంథే అని అలా తేలింది.

ఈ హార్మోన్ల కుటుంబంలో ముగ్గురు తోబుట్టువులు. ఏఎన్‌పీలో 28 అమైనో ఆమ్లాలు, బీఎన్‌పీలో 32, సీఎన్‌పీలో 22. ముగ్గురిలోనూ 17 అమైనో ఆమ్లాల ఉంగరం ఒకటి ఉంటుంది. ఆ ఉంగరం తెగితే పని అయిపోయినట్టే. బీఎన్‌పీని 1988లో పంది మెదడులో ముందు కనిపెట్టారు కాబట్టి పేరులో ‘బ్రెయిన్’ మిగిలిపోయింది. నిజానికి మనిషిలో దాన్ని ఎక్కువగా తయారు చేసేవి గుండె కింది గదులు (జఠరికలు). సీఎన్‌పీ గుండె హార్మోను కాదు, నాళం లోపలి పొర (ఎండోథీలియం) అక్కడికక్కడ చేసుకునే వాడుక సరుకు.

ఏఎన్‌పీ కొట్లో నిలవ ఉన్న సరుకు లాంటిది. 126 అమైనో ఆమ్లాల ముడి రూపంలో రేణువుల్లో ఉంటుంది. కర్ణిక గోడ సాగగానే బయటికొస్తుంది, వచ్చే దారిలో కోరిన్ అనే ఎంజైము దాన్ని కోసి 28 చేస్తుంది. బీఎన్‌పీకి పెద్ద నిలవ లేదు. జఠరిక గోడ సాగాక జన్యువు దగ్గర మొదలుపెట్టి వండాలి. ముడి బీఎన్‌పీలో 108 అమైనో ఆమ్లాలు. అది తెగితే 32ది పనిచేసే హార్మోను, మిగతా 76 ఏ పనీ చేయని తుంపు. ఆ తుంపే మన రక్తపరీక్షలో కొలిచే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ.

ఇక నాళం దగ్గరికి. నాళపు కండర కణం పైపొరలో ఎన్‌పీఆర్-ఏ అనే గ్రాహకం (హార్మోను తగులుకునే చోటు) ఉంటుంది. దాని తల బయట, తోక లోపల. ఏఎన్‌పీ గానీ బీఎన్‌పీ గానీ తలకి తగులుకుంటే లోపలి తోక జీటీపీ అనే అణువుని సైక్లిక్ జీఎంపీగా (కణం లోపల కబురు మోసే అణువుగా) మారుస్తుంది. అది పీకేజీ అనే ఎంజైమును లేపుతుంది. పీకేజీ చేసే పనులు: కణంలో కాల్షియం గోదాము తలుపు మూయడం, ఒలికిన కాల్షియాన్ని తిరిగి గోదాములోకి తోయించడం, పొటాషియం చానెళ్లు తెరిచి కణాన్ని నిదానపరచడం, మయోసిన్ మీది ఫాస్ఫేటును పీకే ఎంజైముకి బలమివ్వడం. నాలుగూ కలిసి కండరాన్ని వదులు చేస్తాయి. బోర్డు మీద ఒకే కణం పెద్దగా గీసి, ఈ నాలుగు చోట్ల నాలుగు బాణాలు పెట్టండి చాలు.

ఏఎన్‌పీ రక్తంలో రెండు మూడు నిమిషాల్లో సగమైపోతుంది, బీఎన్‌పీ సుమారు 20 నిమిషాల్లో. మింగేసేవాళ్లు ఇద్దరు: ఎన్‌పీఆర్-సీ అనే గ్రాహకం (పట్టుకుని కణం లోపలికి లాక్కుపోతుంది), నెప్రిలైసిన్ అనే ఎంజైము (ముక్కలు చేస్తుంది). ఈ రెండో పేరు గుర్తుంచుకోమనండి, మూడో ప్రశ్నకి జవాబు అక్కడుంది.

జయపురం_ఘాట్ · సోమవారం, రాత్రి 10:31

మాస్టారూ, సైక్లిక్ జీఎంపీ అంటే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ చేసే పనే కదా. గుండె తన నైట్రోగ్లిజరిన్ తనే తయారు చేసుకుంటోందని చెప్పేస్తే సరిపోదా?

వంశధార · సోమవారం, రాత్రి 10:58

సగం సరిపోతుంది. చేరే ఊరు ఒకటే, వచ్చే దారులు వేరు. నైట్రోగ్లిజరిన్ నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడు వాయువు కాబట్టి కణం పొరని దాటుకుని లోపలికి వెళ్లి, అక్కడ తేలుతున్న గ్వానిలేట్ సైక్లేజు అనే ఎంజైముని లేపుతుంది. ఏఎన్‌పీ లోపలికి పోదు, గుమ్మం దగ్గరే ఉండి పని చేయిస్తుంది. రెండు దారుల్లో పుట్టిన సైక్లిక్ జీఎంపీ కణంలో వేర్వేరు మూలల్లో ఉంటుంది. దాన్ని చెరిపేసే ఎంజైములూ వేరు: గుండె కణాల్లో పీడీఈ-5 ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడు వైపు సరుకును, పీడీఈ-9 హార్మోను వైపు సరుకును తింటాయి.

ఇంకో తేడా. ఒంట్లో నైట్రిక్ ఆక్సైడు పుట్టాలంటే నాళం లోపలి పొర బాగుండాలి. షుగరు, పొగ, వయసుతో ఆ పొర పాడైతే అది తగ్గిపోతుంది. ఏఎన్‌పీకి ఆ పొర లేకపోయినా నాళం వదులవుతుంది. ప్రయోగశాలలో దీన్ని సూటిగా చూడొచ్చు, ఎంఎస్సీ వాళ్లెవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ఎలుక బృహద్ధమనిని 3 మి.మీ. ఉంగరాలుగా కోసి రెండు సన్నటి తీగల మధ్య తగిలించాలి. 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణం, అందులోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడు బుడగలు. 1.5 నుంచి 2 గ్రాముల లాగుడు పెట్టి 60 నుంచి 90 నిమిషాలు కుదురుకోనివ్వాలి, ప్రతి 15 నిమిషాలకీ ద్రావణం మార్చాలి. తర్వాత 1 మైక్రోమోలార్ ఫినైలెఫ్రిన్ వేస్తే బిగుసుకుంటుంది. అప్పుడు ఏఎన్‌పీ 1 నానోమోలార్ నుంచి మొదలుపెట్టి 100 దాకా మెట్టుమెట్టుగా. ఉంగరం లోపల సన్నటి పుల్లతో తిప్పి పొర గీకేసినా వదులవుతుంది. అదే ఉంగరానికి, లోపలి పొర ద్వారానే వదులు చేసే ఎసిటైల్‌కోలిన్ వేస్తే వదులవదు. పొర నిజంగా పోయిందనడానికి అదే రుజువు.

చెడేది ఎక్కడంటే, ఈ పెప్టైడు గాజుకీ ప్లాస్టిక్కీ అంటుకుంటుంది. 0.1 శాతం అల్బుమిన్ కలపకపోతే మీరు వేశాననుకున్నదంతా నాళానికి చేరదు. మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించినా పోతుంది. మనిషి ఏఎన్‌పీలో 12వ స్థానంలో మెథియోనిన్ ఉంటుంది, అది ఆక్సీకరణం చెందితే బలం తగ్గుతుంది. ఎలుక ఏఎన్‌పీలో అక్కడ ఐసోల్యూసిన్ కాబట్టి ఆ బెడద లేదు. ఫినైలెఫ్రిన్‌కి బదులు పొటాషియం ఎక్కువ పోసి బిగిస్తే ఏఎన్‌పీ సరిగా వదులు చేయలేదు. అది ప్రయోగం చెడడం కాదు, పొటాషియం చానెళ్ల దారి మూసుకుపోవడం.

సిరోంచ_ప్రాణహిత · మంగళవారం, ఉదయం 6:40

మేడమ్ మొదటి ప్రశ్న మిగిలిపోయింది. విడిగా తీసి చూస్తే ఏఎన్‌పీకి పెద్ద ధమనులు, మూత్రపిండపు ధమని బాగా లొంగుతాయి. బీపీని నిలబెట్టే సన్నటి ధమనులు అంతగా లొంగవు. సీఎన్‌పీ సిరల వైపు ఎక్కువ మొగ్గుతుంది. కానీ పూర్తి మనిషిలో సిరల్లో రక్తం నిలబడడం, నీరు నాళం దాటి కణజాలంలోకి పోవడం వల్ల గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, దానితో గుండె పంపేదీ తగ్గుతుంది. అందుకే ఏఎన్‌పీ ఇస్తే బీపీ పడుతుంది గానీ నైట్రోప్రస్సైడ్ (నాళాల్ని తెరిచే మందు) మాదిరి గుండె వేగం ఎగబాకదు. గుండెని పరుగెత్తించే సింపథెటిక్ నరాల్ని కూడా ఏఎన్‌పీ అణచి ఉంచుతుంది.

మూత్రపిండంలో మాత్రం ఇది ఇంకో పని చేస్తుంది. వడపోత గుచ్ఛంలోకి వెళ్లే సన్నటి ధమనిని తెరుస్తుంది, బయటికొచ్చేదాన్ని బిగిస్తుంది. కుళాయి విప్పి, పైపు చివర వేలు పెట్టినట్టు. లోపల ఒత్తిడి పెరిగి వడపోత పెరుగుతుంది. పైగా ఒంట్లో ఉప్పు నిలిపి ఉంచే రెనిన్, ఆల్డోస్టిరోన్ రెండూ తగ్గుతాయి.

పిల్లలకి గుర్తుండే ఉదాహరణలు రెండు. గుండె దడ (ఎస్‌వీటీ) వచ్చి పోయిన గంటలో రోగి తెల్లగా నీళ్లలాంటి మూత్రం చాలా పోస్తాడు. వేగంగా కొట్టుకునేటప్పుడు కర్ణికలు సాగి ఏఎన్‌పీ వదలడమే కారణం. రెండోది, గురకపెట్టి ఊపిరి ఆగిపోయే జబ్బులో రాత్రి మూడు నాలుగు సార్లు లేవడం. మూసుకున్న గొంతుకి ఎదురుగా ఊపిరి లాగితే ఛాతీలో ఒత్తిడి సున్నా కంటే కిందికి పోయి, రక్తం కుడి కర్ణికలోకి ఎగదోసుకొచ్చి దాన్ని సాగదీస్తుంది. ప్రోస్టేటు అనుకుని మందులు వాడేవాళ్లలో ఇది దాక్కుని ఉంటుంది.

వంశధార · మంగళవారం, ఉదయం 7:25

ప్రాణహిత గారు ‘నీరు నాళం దాటి’ అన్న ముక్క మీద ఇంకాస్త నిలబడాలి. ఈ సంగతంతటిలో నాకు ముఖ్యమనిపించేది అదే.

అందరూ నాళం వదులవడమే బీపీ తగ్గడానికి కారణమనుకుంటారు. ఎలుకల్లో గ్రాహకాన్ని ఒక్కోచోట తీసేసి చూశారు. నాళపు కండరంలో మాత్రమే తీసేస్తే రోజువారీ బీపీ మామూలుగానే ఉంది! ఏఎన్‌పీ ఎక్కిస్తే నాళం వదులవడం మాత్రం పోయింది, ద్రవం ఒక్కసారిగా ఎక్కిస్తే బీపీ విపరీతంగా పెరిగింది. అదే గ్రాహకాన్ని లోపలి పొరలో మాత్రమే తీసేస్తే రక్తంలో ద్రవం పెరిగి, బీపీ శాశ్వతంగా ఎక్కువైంది, గుండె లావెక్కింది. కండరంలో గ్రాహకం చెక్కుచెదరకుండా ఉన్నా సరే!

అంటే రెండు రకాల పనులు. కండరం మీద పని ఆ పూట అక్కరకి: ఒక్కసారి రక్తం ఎక్కువైతే చోటిచ్చే పని. లోపలి పొర మీద పని రోజువారీ లెక్క: ప్లాస్మా నీటిని, కొంత అల్బుమిన్‌ని నాళం దాటించి రక్తపు పరిమాణాన్ని అదుపులో ఉంచే పని. ఏఎన్‌పీ ఎక్కించాక మూత్రపిండాలు తీసేసిన జంతువులో కూడా హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతుంది. నీళ్లు మూత్రంలో పోలేదు, పక్కకి జరిగాయి.

సెలైన్ వేగంగా ఎక్కించడానికీ దీనికీ సంబంధం ఉందంటారు. కర్ణిక సాగితే ఏఎన్‌పీ వస్తుంది, అది నాళం లోపలి చక్కెర పూతని (గ్లైకోకాలిక్స్) ఊడదీస్తుందని గినీపంది గుండెలో చూపించారు. పూత పోతే ఎక్కించిన సెలైన్ నాళంలో నిలవదు. మనుషుల్లో ఫలితాలు అన్నీ ఒకేలా లేవు, కాబట్టి పరీక్షలో రాయించకండి.

జయపురం_ఘాట్ · మంగళవారం, ఉదయం 8:02

అయితే రెండో ప్రశ్న మరీ చిక్కు కదా. వైఫల్యంలో హార్మోను బోలెడుంది, కాళ్లు పొంగుతున్నాయి. నీటిని నాళం దాటించేది ఇదే కాబట్టి వాపుకి ఇదే కారణమా?

సిరోంచ_ప్రాణహిత · మంగళవారం, ఉదయం 8:50

కాదండీ. వాపుకి మొదటి కారణం సిరల్లో ఒత్తిడి, మూత్రపిండం ఉప్పు పట్టి ఉంచడం. రెనిన్-యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరోన్, నోరడ్రినలిన్ మూడూ ఒక పక్క లాగుతుంటే ఏఎన్‌పీ, బీఎన్‌పీ రెండో పక్క లాగుతుంటాయి. ముదిరాక రెండో పక్క తాడు జారిపోతుంది. ఎలాగంటే:

గ్రాహకం తోక మీద ఫాస్ఫేట్లు ఉంటేనే అది పనిచేస్తుంది. హార్మోను ఎడతెగకుండా తగులుతుంటే ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, తలుపు తట్టినా పలకదు. పుట్టిన సైక్లిక్ జీఎంపీని పీడీఈలు త్వరగా తినేస్తాయి. అలసిన గుండె ముడి ప్రోబీఎన్‌పీని కోయకుండానే రక్తంలోకి వదిలేస్తుంది. కోయనిది గ్రాహకం మీద చాలా బలహీనం. 2005లో ముదిరిన రోగుల రక్తాన్ని మాస్ స్పెక్ట్రోమీటరులో చూస్తే 32 అమైనో ఆమ్లాల అసలు బీఎన్‌పీ దాదాపు కనబడలేదు. అదే రక్తానికి మామూలు కిట్టు పెద్ద అంకె చూపించింది, ఎందుకంటే కిట్టు కోసినదాన్నీ కోయనిదాన్నీ ఒకేలా లెక్కపెడుతుంది.

పిల్లలకి ఇలా చెప్పండి: రిపోర్టులో అంకె గుండె వేస్తున్న కేక. నాళానికి ఎంత వినబడిందో అందులో ఉండదు.

హార్మోను బయట నుంచి పోస్తే చాలదా అన్నది కూడా చూసేశారు. బీఎన్‌పీనే మందుగా చేసిన నెసిరిటైడ్‌కి అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. కిలోకి 2 మైక్రోగ్రాముల బోలస్, తర్వాత కిలోకి నిమిషానికి 0.01 మైక్రోగ్రాము. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తగ్గింది, ఆయాసం కాస్త తగ్గింది. 2011లో 7,141 మందితో చేసిన పరీక్షలో చావులూ తగ్గలేదు, మళ్లీ ఆసుపత్రికి రావడమూ తగ్గలేదు, బీపీ పడిపోవడం మాత్రం పెరిగింది.

గుణుపురం_మందులషాపు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

మూడో ప్రశ్నకి జవాబు నేను చెబుతాను.

సాకుబిట్రిల్ నెప్రిలైసిన్‌ని ఆపుతుంది. నెప్రిలైసిన్ తినేవాటిలో ఏఎన్‌పీ, బీఎన్‌పీ ఉన్నాయి, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ లేదు. కాబట్టి మందు మొదలెట్టాక బీఎన్‌పీ పెరగొచ్చు, తినేవాడు తగ్గాడు గనక. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ తగ్గితే గుండె మీద బరువు నిజంగా తగ్గినట్టు. ఇంటివాళ్లకి ‘ఈ మందు మీద ఉన్నప్పుడు ఆ పరీక్ష కాదు, ఈ పరీక్ష చూడాలి’ అని చెప్పండి. బీఎన్‌పీ పెరిగిందని మందు ఆపడం పెద్ద తప్పు.

నెప్రిలైసిన్ యాంజియోటెన్సిన్-2ని కూడా తింటుంది. దాన్ని ఒక్కదాన్నే ఆపితే నాళాల్ని బిగించేది కూడా పేరుకుంటుంది. అందుకే జతగా వల్సార్టన్. 2014లో వచ్చిన పారడైమ్ పరీక్షలో ఎనలాప్రిల్‌తో పోలిస్తే గుండె జబ్బు చావు లేదా ఆసుపత్రిపాలు కావడం 20 శాతం తగ్గాయి.

నెప్రిలైసిన్ బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా తింటుంది. ఏసీఈ (‘ప్రిల్’ మాత్రలు ఆపే ఎంజైము) కూడా దాన్నే తింటుంది. ఇద్దర్నీ ఒకేసారి ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుని పెదవి, నాలుక, గొంతు వాస్తాయి. ఇదే కారణంతో ఒమపాట్రిలాట్ అనే పాత మందు మూలనపడింది. అందుకే ‘ప్రిల్’ మాత్ర (రామిప్రిల్, ఎనలాప్రిల్, పెరిండోప్రిల్) ఆపాక 36 గంటలు ఆగాలి. సోమవారం రాత్రి 8కి చివరి ఎనలాప్రిల్ వేస్తే, కొత్త మాత్ర బుధవారం ఉదయం 8కి. సాకుబిట్రిల్ చివర్లో కూడా అదే చప్పుడు వినబడుతుంది గానీ ఆ కోవ వేరు. టెల్మిసార్టన్, లోసార్టన్ వాడుతుంటే ఆగక్కర్లేదు, తర్వాతి డోసు వేళకి మార్చేయొచ్చు. కానీ రెండూ కలిపి వాడకూడదు.

షాపులో ఎదురయ్యే చిక్కు ఇది: డాక్టరు కొత్త చీటీ రాస్తారు, ఇంట్లో పాత రామిప్రిల్ స్ట్రిప్పులో ఇంకా ఆరు మాత్రలుంటాయి. ‘పారేయడం ఎందుకు’ అని రెండూ వేస్తారు. కొత్త మాత్ర ఇచ్చేటప్పుడు పాత స్ట్రిప్పులన్నీ తెప్పించి బల్ల మీద పరచాలి. బీపీ కలయిక మాత్రల్లో ప్రిల్ దాక్కుని ఉంటుంది, వెనక చిన్న అక్షరాలు చదవాలి. గొంతు వాస్తే యాంటీహిస్టమిన్, స్టెరాయిడ్ సూదులకి పెద్దగా లొంగదు. ఊపిరి దారి చూసుకుంటూ వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

మోతాదు: మామూలుగా 100 మి.గ్రా. (సాకుబిట్రిల్ 49/వల్సార్టన్ 51) రోజుకి రెండుసార్లు మొదలు; ఇంతకుముందు ప్రిల్, సార్టన్ వాడనివాళ్లకి, బీపీ తక్కువున్నవాళ్లకి 50 (24/26)తో మొదలు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి రెట్టింపు, తట్టుకుంటే 200 (97/103) రెండుసార్లు. పైబీపీ 100 లోపు ఉంటే, పొటాషియం 5.4 దాటితే మొదలెట్టరు. వారం, రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. గర్భిణులకి అసలు కూడదు.

ఇంకో రెండు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కొనుక్కెళ్లేవాళ్లని ఆపాలి, మూత్రపిండం దెబ్బతింటుంది. ‘ఉప్పు తగ్గించమన్నారు’ అని లో-సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం స్థానంలో పొటాషియం క్లోరైడు ఉంటుంది. వల్సార్టన్‌తో కలిస్తే పొటాషియం పైకి పోతుంది. మే నెల ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే బీపీ ఒక్కసారి జారుతుంది. ఆ పూట నీళ్ల మాత్ర (మూత్రం పోయించేది) వేయాలా వద్దా అని ఫోను చేసి అడగమనాలి, సొంతంగా అన్నీ ఆపేయకుండా.

బరంపురం_ల్యాబ్ · మంగళవారం, సాయంత్రం 5:48

రిపోర్టు వైపు నుంచి కొంచెం. రెండు పరీక్షల అంకెలూ ఒకదానితో ఒకటి పోల్చకండి. పోయిన నెల బీఎన్‌పీ 400, ఈ నెల ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 2,000 అంటే జబ్బు అయిదింతలైందని కాదు. యూనిట్లు కూడా చూడాలి. పికోగ్రాము/మి.లీ., నానోగ్రాము/లీటరు రెండూ ఒకటే. పికోమోల్/లీటరులో ఉంటే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని 8.457తో, బీఎన్‌పీని 3.46తో హెచ్చించాలి.

అత్యవసరంలో ఆయాసంతో వచ్చినవాళ్లకి బీఎన్‌పీ 100 లోపు, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 300 లోపు ఉంటే గుండె వైఫల్యం కాకపోవచ్చు. ఉందని చెప్పడానికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీలో 50 ఏళ్ల లోపు 450, 50 నుంచి 75 దాకా 900, ఆపైన 1,800 దాటాలి. ఓపీలో నెమ్మదిగా వచ్చేవాళ్లకి బీఎన్‌పీ 35, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 125 హద్దులు.

ఒళ్లు బరువున్నవాళ్లలో అంకె తక్కువగా వస్తుంది, హద్దుల్ని సగం చేసి చదువుతారు. మూత్రపిండం దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువగా వస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి ఉద్దానం కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్ల ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ క్రియాటినిన్ పక్కన పెట్టుకుని చూడకపోతే అందరికీ గుండె జబ్బు అంటగట్టేస్తాం. కర్ణికలు వణికే జబ్బులో (ఏఎఫ్) కూడా పెరుగుతుంది.

తక్కువగా వచ్చి మోసం చేసేవి: గంట లోపల మొదలైన ఊపిరితిత్తుల నీరు (బీఎన్‌పీ వండటానికి టైము చాలదు), కీళ్లవాత జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైపోవడం (ఎడమ జఠరిక సాగదు), టీబీ వల్ల గుండె పైపొర గట్టిపడడం. జుట్టు కోసం వాడే 5, 10 మి.గ్రా. బయోటిన్ కొన్ని పాత కిట్లలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీని తప్పుడుగా తగ్గిస్తుంది. బయోటిన్ చివరి డోసు తర్వాత కనీసం 8 గంటలు ఆగి రక్తం తీయాలి. కుదుటగా ఉన్న రోగిలో అంకె 30 శాతం లోపు అటూ ఇటూ అయితే మార్పు కింద లెక్కేయకండి.

కొరాపుట్_కొండ · మంగళవారం, రాత్రి 8:30

మన జిల్లాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు) ఎక్కువ కాబట్టి ఒక మాట. ఇక్కడ హద్దులు వేరు. సికిల్ రోగి నొప్పులేవీ లేకుండా ఉన్నప్పుడు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 160 దాటితే ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. 2006లో వచ్చిన అధ్యయనంలో 160 పైన ఉన్నవాళ్లలో చావు ప్రమాదం ఎక్కువని తేలింది. 25 ఏళ్ల అబ్బాయికి 200 వస్తే ‘450 లోపే కదా’ అని పక్కన పెట్టకండి. ఎకోలో ట్రైకస్పిడ్ కవాటం (గుండె కుడివైపుది) దగ్గర వెనక్కి చిమ్మే వేగం సెకనుకి 2.5 మీటర్లు దాటిందా చూడండి.

నాళాలకి సంబంధం ఏంటంటే, పగిలిన ఎర్రకణాల హిమోగ్లోబిన్ నేరుగా ప్లాస్మాలో తేలి నైట్రిక్ ఆక్సైడుని మింగేస్తుంది. వంశధార మాస్టారు చెప్పిన రెండు దారుల్లో ఒకటి మూసుకుపోయింది. ఊపిరితిత్తుల నాళాలు బిగుస్తాయి, కుడి జఠరిక సాగుతుంది, బీఎన్‌పీ పెరుగుతుంది. మరి సైక్లిక్ జీఎంపీని నిలబెట్టే సిల్డెనాఫిల్ ఇస్తే? ఇచ్చి చూశారు. నొప్పుల దాడులు పెరగడంతో 2009లో పరీక్ష మధ్యలోనే ఆపేశారు. కాబట్టి సికిల్ రోగికి ఊపిరితిత్తుల ఒత్తిడి ఉందని సిల్డెనాఫిల్ అలవాటుగా రాసేయకూడదు. హైడ్రాక్సీయూరియా (సికిల్ జబ్బుకి ఇచ్చే మందు) సరిగా పడుతోందా అన్నది ముందు చూడాలి.

జయపురం_ఘాట్ · మంగళవారం, రాత్రి 9:04

చివరి సందేహం. ఉప్పు తింటే ఏఎన్‌పీ పెరిగి ఉప్పుని తోసేస్తుంది కదా. పఖాళలో (నీళ్లు పోసి పులిసిన చద్దన్నంలో) ఉప్పు, పక్కన ఎండుచేప, ఆవకాయ ముక్క... గుండే చూసుకుంటుందిలే అనుకోవచ్చా? 😄

వంశధార · మంగళవారం, రాత్రి 9:37

సన్నగా, వయసులో, మూత్రపిండాలు బాగున్నవాడిలో చాలావరకు చూసుకుంటుంది. ఒళ్లు వచ్చినవాడిలో కాదు. కొవ్వు కణాల మీద ఎన్‌పీఆర్-సీ ఎక్కువ, అంటే హార్మోనుని మింగే నోళ్లు ఎక్కువ. స్థూలకాయుల్లో ఏఎన్‌పీ, బీఎన్‌పీ రెండూ తక్కువగానే ఉంటాయి. ఉప్పు తినగానే బీపీ పెరగడానికి ఒక కారణం ఇదే. పుట్టుకతో తేడాలూ ఉన్నాయి: ఏఎన్‌పీ జన్యువు దగ్గర ఒక చిన్న అక్షరం మారినవాళ్లలో ఆ హార్మోను కాస్త ఎక్కువ, బీపీ కాస్త తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే సోడియం 2 గ్రాములు. చెంచాడు కూడా నిండదు. పఖాళలో పులుపు ఉంటుంది కాబట్టి ఉప్పు తక్కువైనా దిగుతుంది. ఎండుచేపని మాత్రం వేడినీళ్లలో నానబెట్టి రెండుసార్లు నీళ్లు పారబోయాలి. అప్పుడు కూడా గుండె వైఫల్యం ఉన్నవాడి కంచంలో వద్దు.

పర్లాకిమిడి_నర్సింగ్ · మంగళవారం, రాత్రి 10:10

అందరికీ ధన్యవాదాలు. ‘కేక’ మాట రేపు బోర్డు మీద రాస్తాను. ల్యాబ్ గారూ, ఒక్క పని సంగతి. మా దగ్గర బీఎన్‌పీ చేయరు, రక్తం తీసి బస్సులో బరంపురం పంపుతారు. ఏ ట్యూబు, ఎలా?

బరంపురం_ల్యాబ్ · మంగళవారం, రాత్రి 10:26

ఎంచుకునే వీలుంటే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రాయించండి మేడమ్, ప్రయాణానికి అదే నయం. సీరం గానీ, ఈడీటీఏ, హెపారిన్ ప్లాస్మా గానీ కిట్టుని బట్టి నడుస్తాయి. వేరు చేసిన సీరం 20 నుంచి 25 డిగ్రీల్లో మూడు రోజులు నిలుస్తుంది. బస్సు డిక్కీ 25 డిగ్రీలు ఉండదు కాబట్టి జెల్ ప్యాకుతో డబ్బాలో పెట్టండి. ప్యాకు నేరుగా ట్యూబుకి తగలకుండా మధ్యలో పేపరు మడత పెట్టాలి, లేకపోతే, వేరు చేయని రక్తమైతే మంచులా గడ్డకట్టి కణాలు పగులుతాయి.

బీఎన్‌పీయే కావాలంటే ఊదా మూత ఈడీటీఏ ప్లాస్టిక్ ట్యూబు. గాజు వద్దు. గీత దాకా నింపి, కుదపకుండా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయాలి. నాలుగు గంటల్లో పరీక్ష అయిపోవాలి. అంత లోపు అందదనుకుంటే అక్కడే సెంట్రిఫ్యూజ్ తిప్పి, ప్లాస్మా వేరే ప్లాస్టిక్ గొట్టంలోకి తీసి, ఫ్రీజరులో గడ్డకట్టించి పంపాలి. దారిలో కరిగితే అది పనికిరాదు, మళ్లీ తీయాల్సిందే.

ట్యూబు మీద రోగి పేరుతో పాటు రక్తం తీసిన టైము రాయండి. చీటీ మీద సాకుబిట్రిల్ వాడుతున్నాడా లేదా, క్రియాటినిన్ ఎంత, బరువు ఎంత, ఈ మూడూ ఒక లైనులో రాస్తే ఇక్కడ రిపోర్టు కింద సరైన వ్యాఖ్య వేయగలం.